పదిహేను అంశాలలో మొదటిది

2006 జూన్‌లో నాటి కేంద్ర ప్రభుత్వం మైనారిటీల సంక్షేమం కోసం ప్రధానమంత్రి నూతన పదిహేను అంశాల కార్యక్రమాన్ని ప్రకటించింది. ఆ పత్రాన్ని మన సంఘాలు ఎన్నిసార్లు ఉటంకించాయో లెక్కలేదు. ఉపకార వేతనాల అంశం మనకు కంఠోపాఠం. ఉర్దూ బోధనకు అదనపు వనరుల అంశం, మదరసాల ఆధునికీకరణ అంశం, ఉద్యోగ నియామకాల అంశం, అన్నీ మన వినతిపత్రాలలో చోటు చేసుకున్నవే. అయితే ఆ పదిహేనింటిలో మొట్టమొదటి అంశం ఏదని అడిగితే జవాబు చెప్పగలిగేవారు అరుదు. అది రిజర్వేషన్ కాదు, రుణం కాదు, స్కాలర్‌షిప్పు కాదు. అంగన్‌వాడీ. మైనారిటీలు గణనీయంగా నివసించే బ్లాకులలో, గ్రామాలలో సమగ్ర శిశు అభివృద్ధి పథకపు ప్రాజెక్టులను, అంగన్‌వాడీ కేంద్రాలను నిర్ణీత నిష్పత్తిలో నెలకొల్పాలన్నది అందులోని తొలి వాక్యాల సారాంశం.

ఆ పత్రం రాసినవారు శిశువును మొదటి స్థానంలో నిలిపారు. మనం మాత్రం రెండో అంశం నుంచి చదవడం మొదలుపెట్టాము.

గత ఇరవై ఏళ్ళలో మన ప్రాంతపు ముస్లిం ఉద్యమాల అజెండాను తిరగేస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. 2007 నాటి నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం కోసం, దానిపై సుప్రీంకోర్టులో నడుస్తున్న వ్యాజ్యం కోసం మనం పడిన తపన సామాన్యమైనది కాదు. 2022లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ విద్యార్థుల ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనాన్ని కేంద్రం నిలిపివేసినప్పుడు గొంతెత్తి నిరసించాము. షాదీఖానాల కోసం, ఖబరస్తాన్ల ప్రహరీల కోసం, ఇమాముల గౌరవ వేతనాల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగాము. ఇవన్నీ న్యాయమైన కోరికలే, వీటిలో ఏ ఒక్కటీ వదులుకోదగినది కాదు. కాని మూడేళ్ళ పిల్లవాడి కోసం ఒక జమాత్ తీర్మానం చేసి సీడీపీవో కార్యాలయానికి వెళ్ళిన సందర్భాలు ఎన్ని? పెళ్ళికీ చావుకీ మధ్యనున్న మనిషి గురించి ఆలోచించినా, ఆ మనిషి మొదటి ఆరేళ్ళు మన ఉద్యమాల కంటికి ఆనలేదు.

ఇది మన సంప్రదాయానికి అపరిచితమైన విషయమైతే వేరే మాట. మన ఇళ్ళలో బిస్మిల్లా వేడుక తరతరాలుగా ఉన్నదే. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన బిడ్డను కొత్త బట్టలతో కూర్చోబెట్టి, పెద్దల సమక్షంలో తొలి అక్షరం పలికించేవారు. ఆ లెక్కలోని కచ్చితత్వాన్ని ఎవరు ఎలా వ్యాఖ్యానించినా, ఒక్క సంగతి నిర్వివాదం: బిడ్డ చదువు బడిలో పేరు నమోదైన రోజున కాక అంతకు చాలా ముందే మొదలవుతుందని మన పూర్వులు ఎరుగుదురు. ఈనాడు కలిగిన ఇళ్ళలో ఆ వేడుక ఫొటోలకు, విందుకు పరిమితమైంది. పేద ఇళ్ళలో అసలే కనుమరుగైంది.

రాజ్యాంగం కూడా ఈ వయసును విస్మరించలేదు. 2002 నాటి 86వ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. ఆరేళ్ళలోపు పిల్లల సంరక్షణ, విద్యలను మాత్రం 45వ అధికరణంలో, ఆదేశిక సూత్రాలలో ఉంచింది. అంటే హక్కుగా కాక ప్రభుత్వం ప్రయత్నించవలసిన బాధ్యతగా మిగిల్చింది. ఈ తేడా కాగితం మీద చిన్నది, బస్తీలో పెద్దది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు పాఠశాలల్లో 25 శాతం సీట్ల సంగతే చూడండి. పాఠశాలలో పూర్వ ప్రాథమిక తరగతులుంటే అక్కడి నుంచే ఈ నియమం వర్తించాలని చట్టం చెబుతోంది. మన రాష్ట్రంలో ఆ ప్రవేశాలు ఒకటో తరగతిలో జరుగుతున్నాయి. డబ్బున్న ఇంటి బిడ్డ రెండు మూడేళ్ళు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ దాటి వచ్చి కూర్చున్న తరగతి గదిలోకి మన ఆటోడ్రైవరు బిడ్డ ఏ తయారీ లేకుండా అడుగుపెడతాడు. పందెం మధ్యలో చేరినవాణ్ణి వెనకబడ్డాడని అనడం ఎంతవరకు సబబు?

విజయవాడ ఈ విషయంలో వెనకబడిన ఊరేమీ కాదు. వి. కోటేశ్వరమ్మ గారు 1955లోనే ఈ పట్టణంలో మాంటిస్సోరి పాఠశాలను స్థాపించారు. ఆ కృషికి 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆటవస్తువుల ద్వారా, చేతిపనుల ద్వారా చిన్నపిల్లలకు నేర్పాలన్న ఆలోచన ఈ నగరానికి డెబ్బై ఏళ్ళ పాతది. పక్కనున్న కొండపల్లిలో తెల్ల పొణికి కొయ్యతో బొమ్మలు చెక్కే కళాకారులు తరతరాలుగా ఉన్నారు. ఆలోచనా ఉంది, ఆటబొమ్మా ఉంది. అవి వించిపేట సందులలోకి, అజిత్‌సింగ్ నగర్ ఇరుకు గదులలోకి, న్యూ రాజరాజేశ్వరిపేట రేకుల ఇళ్ళలోకి చేరకపోవడమే మన సమస్య.

అంగన్‌వాడీ అన్న మాట పుట్టుక తెలిస్తే ఈ చేరడం అన్నదానికి అసలు అర్థం బోధపడుతుంది. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరాన ఉన్న బోర్డీ గ్రామంలో బాలవిద్యా కేంద్రం ఆరంభించారు. పేద పిల్లలు, ఆదివాసీ పిల్లలు బడికి రాలేదు. రాకపోతే తప్పు పిల్లలదని ఆమె అనుకోలేదు. తన సహచరి అనుతాయి వాఘ్‌తో కలిసి బడినే వాళ్ళ ఇంటి ముంగిట్లోకి తీసుకువెళ్ళారు. అంగన్ అంటే ముంగిలి. వాకిట్లో చెట్టు కింద, దొరికిన గింజలతో, ఆకులతో, రాళ్ళతో పాఠం నడిచింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో కేంద్రం ఐసీడీఎస్‌ను ప్రారంభించినప్పుడు ఆ కేంద్రాలకు నిలిచిన పేరు అదే. బిడ్డ ఉన్నచోటికి, బిడ్డ మాటలోకి బడి రావాలన్నది ఆ పేరులోనే ఉంది.

బిడ్డ మాట అన్నాను. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

కృష్ణా డెల్టాలో ముస్లిం పిల్లలందరూ ఒకే భాష మాట్లాడరు. వన్‌టౌన్, భవానీపురం, విద్యాధరపురం, మచిలీపట్నం మొహల్లాలలో చాలా ఇళ్ళలో దక్కనీ ఉర్దూ నడుస్తుంది. అది పాఠ్యపుస్తకపు ఉర్దూ కాదు, ‘హౌ’, ‘నక్కో’లతో నిండిన ఇంటి భాష. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల ఇంటి భాష తెలుగు. డెల్టా పల్లెలలో పరుపులు కుట్టుకుంటూ, దూది ఏకుకుంటూ బతికిన ఆ కుటుంబాల పిల్లలకు ఉర్దూ పరాయిదే. ముస్లిం అనగానే ఉర్దూ అని రాసుకునే అధికారులూ, మనలోనే కొందరు పెద్దలూ ఈ తేడాను గమనించరు. ఇక నగరం పెరిగే కొద్దీ ఆ సందులోనే ఒడిశా నుంచి, బీహారు నుంచి, బెంగాల్ నుంచి కట్టడం పనులకు వచ్చిన కుటుంబాలు అద్దెకు దిగుతున్నాయి. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చినవారు, దళిత క్రైస్తవ కుటుంబాలు, ఎరుకల కుటుంబాలు అదే కుళాయి దగ్గర బిందెలు పెడుతున్నాయి. ఇరవై మంది పిల్లలున్న గదిలో నాలుగు ఇంటి భాషలు వినిపించడం ఇప్పుడు వింత కాదు.

ఆ గదిలో దక్కనీ మాట్లాడే మూడేళ్ళ పాప పరిస్థితి ఊహించండి. దాహమేస్తే ‘పానీ హోనా’ అంటుంది. కార్యకర్త ఆ ఒక్క మాట గ్రహించవచ్చు. కథ చెబుతుంటే మాత్రం పాపకు ఆమె మాట అందదు, పాప ప్రశ్న ఆమెకు అందదు. పది రోజులు చూసి పాప మౌనంగా ఉండడం అలవాటు చేసుకుంటుంది. ఆ మౌనాన్ని పెద్దలు మందబుద్ధి అనో, సిగ్గు అనో రాసుకుంటారు. ఒకటో తరగతికి వెళ్ళేసరికి పాప ఇంటి భాషలో అక్షరం నేర్వలేదు, బడి భాషలో మాట నేర్వలేదు. ఐదో తరగతిలో చదవలేకపోతోందని మనం పట్టుకునే లోపం మూడో ఏట మొదలైనది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం బాలబాలికలలో నూటికి 25 మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని సచార్ కమిటీ 2006లో చెప్పిన లెక్కను మనం సభలలో చదివి వినిపిస్తూనే ఉన్నాము. ఆ మానుకోవడంలో కొంత భాగానికి పునాది బడికి ముందే పడుతోంది.

దీనికి విరుగుడు అందరిపై ఉర్దూ రుద్దడం కాదు, అందరిపై తెలుగు రుద్దడమూ కాదు. ఇంటి భాషలో మొదలుపెట్టి తెలుగులోకి, ఆ పిదప ఆంగ్లంలోకి చేయిపట్టి నడిపించడం. ప్రాథమిక దశలో భాషా మైనారిటీల పిల్లలకు మాతృభాషలో బోధన కల్పించడానికి తగిన సౌకర్యాలు ఏర్పరచాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశగా గుర్తించిన 2020 జాతీయ విద్యావిధానం కూడా ఇంటి భాషకు ప్రాధాన్యం ఇచ్చింది. 2022 మార్చిలో మన శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. ఇన్ని కాగితాలున్నా, ఉర్దూ ఇళ్ళు ఎక్కువగా ఉన్న మొహల్లా కేంద్రంలో కార్యకర్తకో ఆయాకో ఒకరికైనా ఆ భాష వచ్చి ఉండాలన్న చిన్న కోరికను మనం గట్టిగా పెట్టలేదు. అదే కోరిక ఒడియా కుటుంబాలకూ వర్తిస్తుంది. మన బిడ్డకు న్యాయమైనది పక్కింటి బిడ్డకూ న్యాయమే.

ఆ కార్యకర్త ఎవరు కావాలన్నది మన చేతిలో లేని విషయం కాదు. స్థానికంగా నివసించే, పదో తరగతి ఉత్తీర్ణురాలైన, 21 నుంచి 35 ఏళ్ళ వివాహిత ఈ పోస్టుకు దరఖాస్తు చేయవచ్చు. అటువంటి కోడళ్ళు మన ప్రతి సందులోనూ ఉన్నారు. పది పాసై, పెళ్ళయి, కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడపిల్లలు ఎందరో. ప్రకటన వెలువడిన సంగతి గడువు ముగిశాక తెలియడం, తెలిసినా నివాస ధ్రువపత్రం సిద్ధంగా లేకపోవడం, అన్నీ ఉన్నా అత్తవారింట అనుమతి దొరకకపోవడం, ఈ మూడే అడ్డంకులు. మొదటి రెండింటినీ ఒక సంఘం ఒక నెలలో తొలగించగలదు. మూడోదానికి ఇమాం గారు జుమానాడు నాలుగు మాటలు చెబితే చాలావరకు సరిపోతుంది.

ఇక డబ్బు సంగతి. జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల దస్త్రాలు చూసినవాడిని కనుక ఈ అంకెల దగ్గర కొంచెంసేపు ఆగుతాను. కేంద్ర ప్రమాణాల ప్రకారం పూర్వ ప్రాథమిక విద్యా సామగ్రికి ఒక అంగన్‌వాడీకి ఏడాదికి 5,000 రూపాయలు. ఇరవై మంది పిల్లలుంటే తలకు 250. బొమ్మలు, బొమ్మల పుస్తకాలు, రంగులు, కొయ్యదిమ్మెలు అన్నీ దానిలోనే. 2017లో సవరించిన పోషకాహార ప్రమాణం సాధారణ బిడ్డకు రోజుకు 8 రూపాయలు. వన్‌టౌన్‌లో ఆ డబ్బుకు కప్పు టీ రాదు. రాష్ట్రాలు తమ వంతు గుడ్డు, పాలు చేర్చి కొంత సర్దుతున్నాయి, కాదనను. కాని బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని జాతీయ విద్యావిధానంలో రాసుకున్న ప్రభుత్వం, ఆ ఆరేళ్ళ బోధనా సామగ్రికి కేటాయించిన సొమ్ము ఇది.

ఖర్చు కొంచెం పెంచితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. తమిళనాడులో 320 అంగన్‌వాడీలలో ఒక ప్రయోగం జరిగింది. కొన్ని కేంద్రాలకు పూర్వ ప్రాథమిక బోధన మాత్రమే చూసే ఒక సగంరోజు సహాయకురాలిని అదనంగా ఇచ్చారు. ఉన్న కార్యకర్తకు ఆరోగ్యం, పోషణ పనులకు సమయం చిక్కింది. పిల్లలకు పాఠం జరిగే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నరలో లెక్కలలో, భాషలో పిల్లలు ముందుకు వెళ్ళారు, ఎదుగుదల లోపమూ తగ్గింది. కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు కట్టిన లెక్క ప్రకారం ఆ పిల్లలు పెద్దయ్యాక అదనంగా ఆర్జించగల మొత్తం విలువ, పెట్టిన ఖర్చుకు పదమూడు నుంచి ఇరవై ఒక్క రెట్లు. ఏ బ్యాంకులో ఉంది ఈ వడ్డీ?

మరొకటి జమైకా దేశం నుంచి. 1986-87లో కింగ్‌స్టన్ పేటలలో ఎదుగుదల లోపించిన 129 మంది పసివాళ్ళపై అధ్యయనం మొదలైంది. వారిలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్ళు వెళ్ళారు. ఇంట్లో పారేసే డబ్బాలు, గుడ్డపీలికలతో చేసిన బొమ్మలు పట్టుకెళ్ళి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ పిల్లల సంపాదన, అటువంటి సాయం అందని తోటివారి కంటే 25 శాతం ఎక్కువగా తేలింది. మన ఆపాలు, ఖాలాలు చేయలేని పని అందులో ఏదీ లేదు.

కొందరు తల్లులు అడిగే ప్రశ్న నాకు తెలుసు: “అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు గాని చదువెక్కడ?” ఆ మాటలో నిజం ఉంది. అందుకే అప్పుచేసి మరీ సందు చివరి కాన్వెంటులో మూడేళ్ళవాణ్ణి చేరుస్తున్నారు. అక్కడ ఆ బిడ్డ చేత పలక నిండా ఏబీసీడీలు దిద్దిస్తారు, ఇంటిపని ఇస్తారు. పెన్సిలు పట్టే పట్టు రాని వేళ్ళతో రాయించడం చదువు కాదు. పాడటం, పోల్చడం, పేర్చడం, ప్రశ్నించడం ఆ వయసు చదువు. అంగన్‌వాడీలో అది జరగకపోవడానికి కార్యకర్త సోమరితనం కారణమనడం అన్యాయం. తూకాలు, టీకాల జాబితాలు, గర్భిణుల వివరాలు, ఫోనులో పోషణ్ ట్రాకర్ నమోదులు, ఏ శాఖ సర్వే వచ్చినా ఆమె నెత్తినే. ఇంతా చేసి రాష్ట్రంలో కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 రూపాయల వేతనం మీద 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగి 42 రోజులు వీధిలో నిలబడ్డారు. వారిపై ఎస్మా ప్రయోగించారు. అంగన్‌వాడీ సిబ్బంది గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. మన పిల్లల తొలి గురువు ఆమె. ఆమె శిబిరానికి వెళ్ళి మద్దతు తెలిపే అలవాటు మైనారిటీ సంఘాలు చేసుకోవాలి.

మక్తబ్ ఉంది కదా, ఇదెందుకని అనేవారూ ఉన్నారు. మక్తబ్ చేసే పని మక్తబ్‌దే. సాయంత్రం అక్కడ ఖాయిదా చదివే బిడ్డ ఉదయం అంగన్‌వాడీలో ఆడుకుంటే రెండింటికీ మేలే. పైగా నగరంలో అంగన్‌వాడీలకు గదులు దొరకవు, వచ్చే అద్దెకు గాలి వెలుతురు లేని కొట్లు తప్ప లభించవు. మన షాదీఖానాలు ఏడాదిలో ఎన్ని రోజులు తాళం వేసి ఉంటాయో ముతవల్లులకు, కమిటీలకు తెలియనిది కాదు. మరుగుదొడ్డి ఉన్న, గాలి ఆడే ఒక గదిని ఉదయం పూట ఇస్తే సరి. అయితే ఇచ్చేటప్పుడే ఒక షరతు మనమే రాయాలి: ఆ గది తలుపు సందులోని ప్రతి బిడ్డకూ తెరిచి ఉంటుందని. ఐసీడీఎస్ కేంద్రంలో చేరడానికి కులం, మతం అడగరు. మన గదిలోనూ అడగకూడదు.

చట్టం చేతికి ఇచ్చిన ఆయుధం ఒకటి ఉంది. అంగన్‌వాడీల వ్యాజ్యంలో 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, కేంద్రం లేని గ్రామీణ ఆవాసంగాని, మురికివాడగాని కోరితే, కోరిన నాటి నుంచి మూడు నెలలలోపు అక్కడ అంగన్‌వాడీ నెలకొల్పాలి. 2013 ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు ప్రతి బిడ్డకూ స్థానిక కేంద్రం ద్వారా ఉచితాహారాన్ని హక్కు చేసింది. కాని ‘కోరితే’ అన్న మాట గమనించండి. కోరికకు కాగితం కావాలి, కాగితానికి లెక్క కావాలి. 2011 తరువాత జనగణన లేదు, తదుపరి గణన 2027లో. ఈ పదిహేనేళ్ళలో పుట్టిన సందులు, 2024 సెప్టెంబరు బుడమేరు వరద తరువాత ఇల్లు మారిన కుటుంబాలు పాత పుస్తకాలలో ఉండవు. ఆ లెక్క మనమే తీయాలి.

కనుక ఈ నెల మా విన్నపం ఇది. ప్రతి జమాత్ నుంచి ఇద్దరు యువతులు, ఇద్దరు యువకులు ఒక నోటు పుస్తకం పట్టుకుని తమ మొహల్లాలో ఇల్లిల్లూ తిరగాలి. ముస్లింల ఇళ్ళే కాదు, అన్ని ఇళ్ళూ. బిడ్డ పుట్టిన తేదీ, ఇంట్లో మాట్లాడే భాష, ఇప్పుడు వెళ్ళే చోటు, దగ్గరి అంగన్‌వాడీ దూరం, బిడ్డకు వినికిడి లోపంగాని మరే వైకల్యంగాని ఉంటే ఆ వివరం, ఇంతే రాయాలి. నలభై దాటి కేంద్రం లేకుంటే కేంద్రం కోరండి. కేంద్రం ఉంటే భాష తెలిసిన సిబ్బందిని, బోధనకు ప్రత్యేక సహాయకురాలిని, ఆటవస్తువులను కోరండి. వినతిపత్రం సీడీపీవో పేర రాసి, ప్రతిని కలెక్టరుకు జతపరచండి. ఎన్టీఆర్ జిల్లా వారు విజయవాడలో, కృష్ణా జిల్లా వారు మచిలీపట్నంలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వవచ్చు. నమూనా వినతిపత్రాన్ని వచ్చే సంచికలో తెలుగులో, ఉర్దూలో ముద్రిస్తాము. రెండు ప్రతులు తీసుకువెళ్ళండి. రెండో ప్రతిపై ఇన్వర్డు నంబరు, తేదీ, ముద్ర పడిన తరువాతనే కార్యాలయం మెట్లు దిగండి. మూడు నెలల గడువు ఆ తేదీ నుంచే లెక్క.